సాలెపురుగు కుట్టిందా? ముందు టైమ్ రాసుకోండి

సాలెపురుగు కుట్టిందని తెలియగానే చాలామంది చేసే పని ఒకటే, ఫోన్ తీసి ఆ పురుగు ఏ జాతిదో ఫొటోల్లో వెతకడం. గోధుమ రంగులో ఉన్న ప్రతి సాలెపురుగూ ఆ ఫొటోల్లో ప్రాణాలు తీసేదానిలాగే కనిపిస్తుంది, ఒకటి చూశాక ఇంకోటి, అలా అరగంట గడిచిపోతుంది, ఈలోగా టెన్షన్ పెరిగి గుండె దడ మొదలవుతుంది, ఆ దడ విషం వల్ల వచ్చిందో భయం వల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఆ పని పక్కన పెట్టండి. గడియారం చూడండి, ఒక పెన్ను తెచ్చుకోండి. కాటు తర్వాత ఏ గంటలో ఒంట్లో ఏం జరుగుతోందన్నదే మిమ్మల్ని కాపాడే సమాచారం, పురుగు పేరు కాదు.

ఇప్పటిదాకా పేరు పెట్టిన సాలెపురుగు జాతులు 50,000 పైనే ఉన్నాయి. దాదాపు అన్నిటికీ విషం ఉంటుంది, కానీ అది ఈగనో దోమనో చంపడానికి సరిపోయేది. మన చర్మంలోకి దిగేంత కోరలు, దిగాక మనిషిని నిజంగా ఇబ్బంది పెట్టేంత విషం, ఈ రెండూ ఉన్నవి చాలా కొద్ది. అందుకే ఎక్కువమందికి జరిగేది ఇంతే: చురుక్కుమంటుంది, చుట్టూ ఎర్రబడుతుంది, కాస్త వాస్తుంది, దురద పెడుతుంది, ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతుంది. ధైర్యం చెప్పడానికి మాత్రమే ఈ మాట ముందు రాయలేదు. మామూలు కాటు ఎలా ఉంటుందో తెలిస్తేనే, మామూలుగా లేనిది కనబడినప్పుడు వెంటనే పట్టుకోగలం.

మొదటి పది నిమిషాలు

ముందు అక్కడి నుంచి పక్కకు జరగండి, రెండో కాటు పడకుండా. టైమ్ చూసి ఎక్కడైనా రాయండి, చేతి మీద రాసుకున్నా సరే. తర్వాత సబ్బు, నీళ్లతో కాటు పడ్డ చోటును బాగా కడగండి. చేతికి కుడితే ఉంగరాలు, గాజులు, వాచీ అప్పుడే తీసేయండి, వాపు వచ్చాక ఉంగరం వేలిలోంచి రాదు, కత్తిరించాల్సి వస్తుంది.

ఇప్పుడు పెన్ను పని. ఎరుపు ఎక్కడిదాకా ఉందో దాని అంచు వెంబడి చర్మం మీదే గీత గీయండి, గీత పక్కన టైమ్ వేయండి. గంట తర్వాత ఎరుపు గీత దాటిందా, దాటితే ఎంత, మళ్లీ గీసి మళ్లీ టైమ్ వేయండి. ఇంత చిన్న పనికి ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, కళ్లతో చూసి "పెరిగినట్టుంది" అనుకోవడం వేరు, తొమ్మిదింటికి గీసిన గీతను పదకొండింటికి రెండు వేళ్ల వెడల్పు దాటిందని డాక్టరుకు చూపించడం వేరు. రాత్రిపూట ఒంటరిగా ఉన్నవాళ్లకైతే ఈ గీత మరీ ఉపయోగం, భయం వల్ల లేనిది ఉన్నట్టు కనిపిస్తున్నప్పుడు గీత నిజం చెబుతుంది. ఫోన్లో ఫొటో కూడా తీసి పెట్టుకోండి.

ఐస్‌ను గుడ్డలో చుట్టి పది నిమిషాలు పెట్టండి, పది నిమిషాలు తీసేయండి, అలా కాసేపు మార్చి మార్చి చేయండి. ఐస్ ముక్కను నేరుగా చర్మానికి ఆనించొద్దు. చెయ్యో కాలో అయితే కాస్త ఎత్తులో దిండు మీద పెట్టుకుని కదలకుండా కూర్చోండి. నొప్పికి పారాసెటమాల్ వేసుకోవచ్చు, దురదకు మామూలు అలర్జీ మాత్ర వేసుకోవచ్చు, మీకు పడని మందులేమైనా ఉంటే తప్ప. పిల్లలకు ఆస్పిరిన్ ఇవ్వకండి.

పురుగు చచ్చి పడి ఉంటే ఒక డబ్బాలో వేసి ఉంచండి, నలిగిపోయినా పరవాలేదు. బతికే ఉండి ఎదురుగా కనిపిస్తుంటే గ్లాసు బోర్లించి కింద నుంచి అట్టముక్క తోసి పట్టుకోవచ్చు, లేదా దూరం నుంచి ఫొటో తీయవచ్చు. అంతే తప్ప దానికోసం బీరువాలు జరపడం, చేతులు పెట్టి వెతకడం వద్దు. పేరు తెలిస్తే డాక్టరుకు కొంత సాయం, తెలియకపోయినా వైద్యం ఆగదు.

చేయకూడనివి కొన్ని ఉన్నాయి, వీటి వల్ల జరిగే నష్టం చాలాసార్లు కాటు చేసే నష్టం కంటే ఎక్కువ కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. బ్లేడుతో కోయకండి. సాలెపురుగు దించే విషం ఎంతో కొద్ది, అది కణజాలంలో అప్పటికే కలిసిపోతుంది, కోస్తే రక్తం వస్తుంది గానీ విషం రాదు, పైగా ఆ కోతలోంచి సూక్ష్మక్రిములు లోపలికి పోతాయి. నోటితో పీల్చకండి, అదీ ఇదే కథ. తాడుతో బిగించి కట్టకండి, రక్తం ఆగిపోయి ఆ భాగమే చచ్చుబడే ప్రమాదం. వేడి కాపడం పెట్టకండి, చర్మాన్ని కుళ్లబెట్టే విషాలకు వేడి తోడైతే నష్టం పెరుగుతుంది. ఆకు పసర్లు, బూడిద, టూత్‌పేస్టు లాంటివి రాయకండి, రాస్తే లోపల రంగు ఎలా మారుతోందో కనబడదు. మద్యం తాగి నొప్పి మరిచిపోదామనుకోవద్దు, తర్వాత స్పృహ ఎలా ఉందో ఎవరూ అంచనా వేయలేరు.

ఒక్క చోట మాత్రం కట్టు కట్టాలి

పైన కట్టొద్దన్నాను కదా, దానికి ఒకే మినహాయింపు ఆస్ట్రేలియా తూర్పు ప్రాంతంలో ఉండే ఫనెల్ వెబ్ సాలెపురుగు. సిడ్నీ చుట్టుపక్కల ఉండేది వీటిలో పేరుమోసింది, నల్లగా నిగనిగలాడుతూ, పెద్ద కోరలతో ఉంటుంది, ఆడదాని కంటే మగదాని విషం చాలా ప్రమాదం. అక్కడ ఉన్నప్పుడు పెద్ద నల్ల సాలెపురుగు ఏది కుట్టినా ఫనెల్ వెబ్ అనే అనుకోవాలి, కాదని తేలేదాకా. వెడల్పైన సాగే బ్యాండేజీని కాటు మీద నుంచి మొదలుపెట్టి, తర్వాత వేళ్ల దగ్గర నుంచి పైకి మొత్తం చెయ్యి లేదా కాలు చుట్టేయాలి, బెణికిన కాలికి చుట్టేంత గట్టిగా, వేళ్లు నీలంగా మారేంత కాదు. ఒక కర్రో అట్టో ఆసరాగా కట్టి ఆ అవయవం కదలకుండా చేయాలి. మనిషి నడవకూడదు, అంబులెన్సే ఆయన దగ్గరికి రావాలి. ఆసుపత్రిలో విరుగుడు మందు సిద్ధమయ్యేదాకా ఆ కట్టు విప్పకూడదు.

ఇక్కడ తొందర ఎందుకంటే ఈ విషం నరాల్లో విద్యుత్ సంకేతాలు ఆగాల్సిన చోట ఆగనివ్వదు, నరాలు ఆపకుండా కొట్టుకుంటూనే ఉంటాయి. తరచుగా అరగంటలోపే పెదవుల చుట్టూ తిమ్మిరి, నాలుక అదరడం, నోట్లోంచి చొంగ, కళ్లలోంచి నీళ్లు, ఒళ్లంతా చెమట, తర్వాత బీపీ పెరిగి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం. విచిత్రం ఏమిటంటే కుక్కలనూ పిల్లులనూ అంతగా ఏమీ చేయని ఈ విషం మనుషుల్నీ కోతుల్నీ మాత్రం ఇలా పడగొడుతుంది. 1981కి ముందు ఈ సాలెపురుగు వల్ల 13 మరణాలు నమోదయ్యాయి. ఆ ఏడాది స్ట్రువాన్ సదర్లాండ్ అనే ఆస్ట్రేలియా వైద్య పరిశోధకుడి బృందం తయారుచేసిన విరుగుడు వాడకంలోకి వచ్చింది, ఆ తర్వాత దీనివల్ల ఒక్క మరణమూ నిర్ధారణ కాలేదు. అంటే ఇది సమయానికి చేరితే బతికి తీరే జబ్బు.

అక్కడి ఇలాంటి పెద్ద నల్ల సాలెపురుగులు తప్ప మిగతావాటికి, కింద చెప్పబోయే బ్లాక్ విడో, రెడ్‌బ్యాక్ సహా, ఈ కట్టు వద్దు. వాటి విషం నెమ్మదిగా పాకుతుంది, బిగిస్తే నొప్పి భరించలేనంత పెరుగుతుంది, అంతకు మించి లాభం లేదు.

మొదటి కొన్ని గంటలు: ఒంటిని గమనించండి

విడో జాతులు దాదాపు అన్ని ఖండాల్లోనూ ఉన్నాయి, వెచ్చగా ఉండే చోట్ల ఎక్కువ. అమెరికా బ్లాక్ విడోకు పొట్ట కింది వైపు ఎర్రటి డమరుకం ఆకారం ఉంటుంది, ఆస్ట్రేలియా రెడ్‌బ్యాక్‌కు వీపు మీద ఎర్రటి చార. ఆడవాటి కాటే సమస్య. కుట్టినప్పుడు సూది గుచ్చినట్టే ఉంటుంది, కొందరికి అసలు తెలియదు. అసలు కథ అరగంట, గంట తర్వాత మొదలవుతుంది.

కాటు చోటును దగ్గరగా, వెలుతురులో చూడండి. చుట్టూ రెండు మూడు అంగుళాల మేర చర్మం మీద రోమాలు నిక్కబొడుచుకుని, మంచు పట్టినట్టు సన్నటి చెమట బిందువులు కనిపిస్తే, చుట్టుపక్కల చర్మం పొడిగా ఉంటే, అది విడో కాటుకు బలమైన గుర్తు. ఎరుపూ వాపూ పెద్దగా లేకపోవచ్చు కూడా. చాలామంది వాపు లేదు కదా అని ఊరుకుంటారు, ఈ చెమటను గమనించరు.

తర్వాత నొప్పి పాకుతుంది. కాలికి కుడితే తొడ మీదుగా గజ్జల్లోకి, అక్కడ బిళ్లలు కట్టి నొక్కితే నొప్పి పెడతాయి, ఆపైన నడుముకూ పొట్టకూ ఎక్కుతుంది. చేతికి కుడితే చంకలోకి, ఛాతీలోకి. కండరాలు కొంకర్లు పోతాయి, పొట్ట చెక్కలా బిగుసుకుపోతుంది, వాంతులు, తలనొప్పి, ఒళ్లంతా చెమట, ఎటు తిరిగి పడుకున్నా కుదురు ఉండదు. బీపీ పెరుగుతుంది. ఇదంతా ఎందుకంటే ఆ విషంలో ఉండే లాట్రోటాక్సిన్ అనే పదార్థం నరాల చివర్ల తలుపులు తెరిచేస్తుంది, కండరాలకు కొద్దికొద్దిగా అందాల్సిన రసాయన సంకేతాలన్నీ ఒకేసారి బయటికి వచ్చి పడతాయి.

1933లో అలబామా విశ్వవిద్యాలయంలో అలన్ బ్లెయిర్ అనే ప్రొఫెసర్, ఈ కాటు నిజంగా ఇంత చేస్తుందా అన్న అనుమానం తేల్చడానికి, బ్లాక్ విడోతో తన వేలికి కావాలనే కుట్టించుకున్నాడు. వేలి నుంచి చెయ్యి మీదుగా ఛాతీకి, పొట్టకు నొప్పి ఎలా ఎక్కిందో గంట గంటకూ రాయించుకున్నాడు, కొద్ది గంటల్లోనే ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది, రోజుల తరబడి బాధపడి కోలుకున్నాడు. దయచేసి ఇలాంటిది ఎవరూ చేయకండి, కానీ ఆయన మనకిచ్చిన పాఠం పనికొస్తుంది: నొప్పి ఏ దారిలో, ఏ టైమ్‌కు నడిచిందో రాసి పెట్టుకుంటే డాక్టరుకు సగం నిర్ధారణ చేతిలో పెట్టినట్టే.

ఎందుకంటే ఈ జబ్బు వేరే జబ్బుల వేషం వేస్తుంది. గట్టిపడ్డ పొట్ట చూసి అపెండిక్స్ అనుకుని ఆపరేషన్ దాకా ఆలోచిస్తారు, ఛాతీ నొప్పి, చెమటలు చూసి గుండెపోటు అనుకుంటారు. కాబట్టి ఆసుపత్రిలో అడుగుపెట్టగానే "కడుపునొప్పి" అని ఊరుకోకండి, "ఇన్ని గంటలకు కాలికి ఏదో కుట్టింది, అక్కడి నుంచి నొప్పి పైకి ఎక్కింది" అని చెప్పండి.

చంటిపిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త. నోరు లేని పిల్లాడు ఉన్నట్టుండి గుక్కపట్టి ఏడుస్తూ, పాలిచ్చినా ఎత్తుకున్నా ఊరుకోక, ఒళ్లు బిగుసుకుని చెమటలు పోస్తుంటే బట్టలన్నీ విప్పి వెలుతురులో ఒళ్లంతా చూడండి, డైపర్ మడతల్లో, పక్కబట్టల్లో, సాక్సుల్లో కూడా. ఏమీ దొరకకపోయినా అలాంటి ఏడుపు ఆగకపోతే ఇంట్లో కూర్చోకూడదు.

ఇప్పుడు సూటిగా: ఏ సాలెపురుగైనా సరే, ఊపిరి ఆడకపోతే, ముఖం పెదవులు గొంతు వాస్తే, చొంగ కారుతుంటే, కండరాలు అదురుతుంటే, పొట్ట లేదా ఛాతీ బిగుసుకుంటే, స్పృహ మసకబారితే అంబులెన్స్ పిలవండి, సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లకండి. కుట్టించుకున్నది చిన్నపిల్లలో, పెద్దవయసు వాళ్లో, గర్భిణో, గుండెజబ్బు ఉన్నవాళ్లో అయితే లక్షణాలు కొద్దిగా ఉన్నా ఆసుపత్రికే వెళ్లండి. బ్రెజిల్ లాంటి దక్షిణ అమెరికా దేశాల్లో తిరుగాడే సాలెపురుగు అని ఒకటుంది, ఎక్కువ కాట్లు నొప్పితోనే పోతాయి గానీ చిన్నపిల్లలకు వాంతులు, చెమటలు, మగపిల్లలకు అంగం గట్టిపడి తగ్గకపోవడం కనిపించవచ్చు, సిగ్గుపడి దాచకుండా డాక్టరుకు చెప్పాల్సిన లక్షణం అది.

ఆసుపత్రిలో ఏం చేస్తారు

విడో కాటుకు ముఖ్యంగా నొప్పి తగ్గించడం మీదే దృష్టి పెడతారు, గట్టి నొప్పి ఇంజెక్షన్లు, కండరాలు సడలడానికి మందులు. ఒకప్పుడు కాల్షియం ఎక్కించేవారు, అది పెద్దగా పనిచేయదని తేలాక వదిలేశారు. విరుగుడు మందు ఉంది, రెడ్‌బ్యాక్‌ది 1956 నుంచీ వాడుతున్నారు, అయితే ఇది గుర్రాల రక్తం నుంచి తీసేది కాబట్టి కొందరికి అలర్జీ వస్తుంది. పైగా 2014లో వెలువడిన ఆస్ట్రేలియా పరీక్షలో, నొప్పి మందులతో పాటు విరుగుడు ఇచ్చినవాళ్లకూ ఇవ్వనివాళ్లకూ పెద్ద తేడా కనబడలేదు. అందుకే డాక్టరు విరుగుడు వెంటనే ఎక్కించకపోతే నిర్లక్ష్యం చేస్తున్నారని గొడవ పడకండి, ఎందుకు ఇవ్వడం లేదో అడగండి, జవాబు ఉంటుంది. ఫనెల్ వెబ్ అయితే మాత్రం లక్షణాలు మొదలయ్యాక విరుగుడుకు ఆలస్యం చేయరు. విడో కాటు బాధ సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు ఉంటుంది, మరణాలు చాలా అరుదు. నీరసం, కాళ్ల లాగుళ్లు ఇంకొన్ని రోజులు మిగలవచ్చు.

ఏ కాటైనా ధనుర్వాతం ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నారో అడుగుతారు, గుర్తు తెచ్చుకుని వెళ్లండి.

రెండో రోజు నుంచి: రెక్లూస్ కాటు

ఇది పూర్తిగా వేరే తరహా. బ్రౌన్ రెక్లూస్, దాని చుట్టాలు అమెరికా మధ్య, దక్షిణ రాష్ట్రాల్లో, దక్షిణ అమెరికాలో, మధ్యధరా ప్రాంతంలో ఉంటాయి, అక్కడి నుంచి సామాన్లతో వేరే చోట్లకూ చేరాయి. చాలావాటికి వీపు మీద ఫిడేలు ఆకారం మచ్చ, ఎనిమిది కళ్లు కాకుండా జతలుజతలుగా ఆరు కళ్లు ఉంటాయి. కుట్టినప్పుడు తరచుగా తెలియనే తెలియదు, కొద్ది గంటల తర్వాత మంట, సలుపు మొదలవుతాయి. వాటి విషంలోని ఎంజైము కణాల పైపొరను చెడగొట్టి, అక్కడి సన్నటి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టేలా చేస్తుంది, రక్తం అందని చర్మం చచ్చిపోతుంది.

చూడటానికి మూడు రంగుల చక్రంలా ఉంటుంది: మధ్యలో నీలంగా కమిలిన మచ్చ, దాని చుట్టూ పాలిపోయిన తెలుపు, దాని బయట ఎరుపు. మధ్య భాగం ఉబ్బదు, చదునుగా లేదా కాస్త లోపలికి దిగి, పొడిగా ఉంటుంది. కొద్ది రోజులకు నల్లటి పక్కు కడుతుంది, అది ఊడాక లోపల పుండు, మానడానికి వారాలు, ఒక్కోసారి నెలలు. అందరికీ ఇంత దూరం రాదు, చాలా కాట్లు పుండు పడకుండానే మానిపోతాయి.

ఇంట్లో చేయాల్సింది చల్లటి కాపడం, శుభ్రత, ఓపిక. తొందరపడి ఆ భాగం కోసి తీసేయమని అడగకండి, చచ్చిన చర్మం ఎంతవరకో స్పష్టంగా తేలకముందు కోస్తే గాయం పెద్దదై మానడం ఇంకా ఆలస్యం అవుతుంది. పక్కును గిల్లకండి.

పుండు కంటే ఎక్కువగా చూడాల్సింది మూత్రం. కొద్దిమందికి, ముఖ్యంగా పిల్లలకు, ఈ విషం రక్తంలోని ఎర్ర కణాలను పగలగొడుతుంది, కిడ్నీలు దెబ్బతింటాయి. ఇది తరచుగా మొదటి రెండు మూడు రోజుల్లో మొదలవుతుంది, పైన పుండు చిన్నదిగా ఉన్నా సరే. జ్వరం, ఒళ్లంతా దద్దుర్లు, విపరీతమైన నీరసం, కళ్లు పచ్చబడటం, మూత్రం టీ డికాక్షన్ రంగులోకి మారడం, వీటిలో ఏది కనిపించినా ఆ గంటలోనే ఆసుపత్రి. మొదటి వారం అంతా మూత్రం రంగు చూస్తూ ఉండండి, చిన్నపిల్లలైతే పెద్దవాళ్లే చూడాలి.

అసలు అది సాలెపురుగు కాటేనా?

ఇది నేను అన్నిటికంటే ఎక్కువ చెప్పాలనుకున్న విషయం. మా అమ్మకు ఒకసారి మోకాలి కింద ఎర్రటి కురుపు లేచింది. ఏదో సాలెపురుగు కుట్టి ఉంటుందని ఇంట్లో అందరం అనుకున్నాం, నేను కూడా, ఎవరూ పురుగును చూడలేదు అయినా సరే. ఐదు రోజులు దురద మందులు, ఐస్. ఆరో రోజుకు కాలు ఎర్రగా కాలిపోతోంది, ఒళ్లు జ్వరం, డాక్టరు ఒక్క గాటు పెట్టగానే చీము ఎంత వచ్చిందో చూసి నాకు కాళ్లు వణికాయి. అది చర్మంలో బాక్టీరియా ఇన్ఫెక్షన్. మొదటి రోజే వెళ్లి ఉంటే చిన్నదానితో పోయేది.

అమెరికాలోని కాలిఫోర్నియాలో సాలెపురుగు కుట్టిందంటూ వచ్చిన 182 మందిని పరిశీలిస్తే నిజంగా సాలెపురుగు కాటు అని తేలింది ఏడుగురికే, చాలామందిలో ఉన్నది చర్మపు ఇన్ఫెక్షన్. ఆస్ట్రేలియాలో తెల్లతోక సాలెపురుగు కుడితే చర్మం కుళ్లిపోతుందని ఏళ్ల తరబడి నమ్మారు, నిజంగా అదే కుట్టిందని నిర్ధారణ అయిన 130 కాట్లను గమనిస్తే ఒక్కదానికీ అలాంటి పుండు పడలేదు. ఇంకోటి, అమెరికాలోని కాన్సస్‌లో ఒక పాత ఇంట్లో 2001లో ఆరు నెలల్లో 2,055 బ్రౌన్ రెక్లూస్‌లను పట్టారు, ఆ కుటుంబం అందులో ఏళ్లుగా కాపురం ఉంటోంది, ఎవరికీ విషం ఎక్కిన దాఖలా లేదు. సాలెపురుగులు మనల్ని వెతుక్కుంటూ వచ్చి కుట్టవు, ఒత్తిడి పడితేనే కుడతాయి.

అందుకని ఇలా చూడండి. పురుగు కుడుతుండగా చూశారా? చూడకపోతే ముందు వేరే కారణాలు ఆలోచించండి. మధ్యలో ఎర్రగా ఉబ్బి, వేడిగా, పసుపు చీముతో ఉంటే అది సెగ్గడ్డ లాంటి ఇన్ఫెక్షన్ అయ్యే అవకాశమే ఎక్కువ, డాక్టరు దగ్గరికి వెళ్లాలి, పిండకూడదు. ఒకటి కంటే ఎక్కువ చోట్ల, వరుసగా, పొద్దున లేచేసరికి దద్దుర్లు ఉంటే నల్లులో ఇతర పురుగులో అయి ఉంటాయి. ఒంటికి ఒక పక్కనే పట్టీలా నీటి పొక్కులు, మంట ఉంటే సర్పి, దానికి మందు త్వరగా మొదలుపెడితేనే గుణం. షుగర్ ఉన్నవాళ్ల కాలి మీద నల్లబడే మచ్చను సాలెపురుగు ఖాతాలో అస్సలు వేయకండి. రెండు కోరల గుర్తులు కనిపిస్తేనే సాలెపురుగు అన్నది కూడా నమ్మదగిన లెక్క కాదు, చాలా కాట్లలో ఆ చుక్కలు కంటికి కనబడవు.

టరాంటులాల గురించి, అంటే ఒంటినిండా రోమాలతో ఉండే భారీ సాలెపురుగుల గురించి ఒక్క మాట. వాటి ఆకారం చూసి భయపడతారు గానీ అమెరికా ఖండాల టరాంటులాలు కుడితే నొప్పితో పోతుంది, అసలు సమస్య అవి పొట్ట మీద నుంచి విదిలించే ముళ్ల రోమాలు, అవి కంట్లో పడితే రుద్దకుండా నీళ్లతో కడిగి కంటి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఆసియా, ఆఫ్రికా జాతుల్లో కొన్నిటి కాటుకు కండరాల కొంకర్లు రోజుల తరబడి ఉండవచ్చు.

ఇంటికి వచ్చాక

విరుగుడు ఎక్కించుకున్నవాళ్లు మరో రెండు వారాలు కనిపెట్టుకుని ఉండండి. సుమారు ఐదో రోజు నుంచి రెండో వారం చివరిలోపు జ్వరం, కీళ్ల నొప్పులు, ఒళ్లంతా దద్దుర్లు రావచ్చు, ఇది విషం తిరగబెట్టడం కాదు, ఆ మందులోని గుర్రం ప్రొటీన్ల మీద మన ఒళ్లు తిరగబడటం. దానికి మందు ఉంది, వెళ్లి చూపించుకోండి. కాటు గాయం దగ్గర కొత్తగా చీము, ఎర్రటి చార పైకి పాకడం, మళ్లీ జ్వరం కనిపించినా అంతే.

ఇక మళ్లీ కుట్టకుండా: బయట విడిచిన బూట్లు తొడిగే ముందు తలకిందులు చేసి నేలకు కొట్టండి. చాలా రోజులుగా వాడని తోట గ్లోవ్స్‌లో చెయ్యి పెట్టే ముందు బయటి నుంచి ఒక్కో వేలూ నొక్కి చూడండి. కట్టెలు, ఇటుకలు, పాత అట్టపెట్టెలు తీసేటప్పుడు గ్లోవ్స్, పొడుగు చేతుల చొక్కా వేసుకోండి. మంచాన్ని గోడ నుంచి కాస్త దూరం జరిపి, దుప్పటి అంచులు నేల తాకకుండా చూడండి. ఒంటి మీద సాలెపురుగు పాకుతూ కనిపిస్తే అరచేత్తో చరచకండి, చర్మానికీ చేతికీ మధ్య నలిగినప్పుడే అది కోరలు దించుతుంది, ఊపిరి బిగబట్టి కాగితంతోనో గుడ్డ అంచుతోనో ఒక్క తోపు తోసేయండి.